గండిపేట నీళ్లు

ఆగస్టు 17, ఆదివారం

పురానాపూల్ మీద నిలబడి గొంతు పోయేదాకా మాట్లాడాను. వచ్చినవాళ్లంతా పాత ఆఫీసు స్నేహితులే, మొహమాటానికి వచ్చినవాళ్లు. వంతెన సంగతి చెప్పాను, కమానుల సంగతి చెప్పాను. నగరం కంటే ముందు వంతెన పుట్టిందని చెప్పాను. వెనకాల కూరగాయలవాళ్లు నాకంటే గట్టిగా టమాటా ధర చెప్తున్నారు. ఇప్పుడు ఆ వంతెన మీద బండ్లు పోవు, కూరగాయల బజారే.

అంతా అయ్యాక స్వరూప అడిగింది. "అంత మంచిగనే ఉంది గని పద్మా, నది ఏది?"

కిందికి, మూసీని చూపించాను. గుర్రపు డెక్క, దాని కింద నల్లగా ఏదో కదులుతోంది. అందరూ ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఇంకో చేత్తో ఫోటో తీసుకున్నారు.

ఊరు చూపించే గైడుగా నా మొదటి నడక. బాగా లేదు.

ఆగస్టు 18

మా ఆయన ఈశ్వర్‌ని ఆఫీసువాళ్లు పుణె వెళ్లమన్నారు. దసరా తరవాత చేరాలట. కూరలో ఉప్పు తక్కువైంది అన్నంత మామూలుగా చెప్పాడు.

ఆగస్టు 19

పొద్దున కాఫీల దగ్గర మళ్లీ ఆ మాట. నేనే ఎత్తాను. నా నడకల మాటేమిటి అన్నాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నీ పని నిలబడితే నేను ఈడనే ఇంకోటి చూసుకుంటా. నిలబడకుంటే పోదాం. దసరా దాకా చూద్దాం."

న్యాయంగానే ఉంది. న్యాయంగా ఉన్నందుకే కోపం వచ్చింది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని.

పుణె నాకు వద్దు. ప్రొద్దుటూరు విడిచి ఇక్కడికి వచ్చినప్పుడు కంట్లో చుక్క రాలేదు. ఇప్పుడు ఈ ఊరు విడవాలంటే ఏడుపు వస్తోంది. ఇన్నేళ్లు అద్దాల మేడలో కూర్చుని ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికాను. ఉద్యోగం పోయాక గానీ ఊరు చూడలేదు. ఇప్పుడిప్పుడే చూస్తున్నాను. సగంలో లేపితే ఎట్లా?

ఆగస్టు 21

గైడు శిక్షణలో రావుగారు చెప్పిన మాట ఒక్కటి చాలు, మిగతా నోట్సు పారేసినా పర్లేదు. "వేలు పెట్టి చూపించలేనిది నోటితో చెప్పకండమ్మా. వాళ్లు కళ్లు తెచ్చుకుని వచ్చారండి, చెవులు కాదు."

పురానాపూల్ మీద నేను చెప్పినదాంట్లో సగం వేలికి అందదు. రాజకుమారుడు, వరద, అవతలి గట్టున ప్రేయసి, తండ్రి మనసు కరిగి వంతెన కట్టించడం... ప్రేమకథను ఎక్కడ చూపించను? టమాటాల మీదా?

ఆగస్టు 23

స్వరూప కొత్తగూడ రమ్మంది. ఫ్లైఓవర్ కింద ఎప్పుడూ తినే చోటే. ఒకప్పుడు మా ఇద్దరికీ పక్కపక్క కుర్చీలు. ఇప్పుడు తను ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీకి అడ్మిన్ హెడ్. పుట్టి పెరిగింది ఖాజాగూడలోనే. ఇంటి వెనక బండ, ఇంటి ముందు ఐటీ. తనకు ఈ ప్రాంతమంతా పెరడు.

వాళ్ల కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు నెలనెలా ఒక శనివారం ఊరు చూపించాలట. ముందు ఒకసారి చేసి చూపించమన్నారు, సెప్టెంబరు 27న. నచ్చితే ఏడాది పొడుగునా నాదే. అంటే నా పని నిలబడినట్టే. అంటే పుణె లేనట్టే.

వాళ్ల హెచ్ఆర్ మేడమ్ కోరిక ఒకటే, "మూసీ హెరిటేజ్" అని బ్యానరు ఉండాలి. చివర చార్మినార్ దగ్గర గ్రూపు ఫోటో, తరవాత బిర్యానీ.

ఆలూ లేదు చూలూ లేదు, నేనేమో ఇంటికి వస్తూ బస్సులో ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

స్వరూపకు పుణె సంగతి చెప్పాను. "నువ్వు యాడికి పోతవే? గండిపేట నీళ్లు తాగినోళ్లు హైదరాబాద్ ఇడిసి పోరు" అంది. ఇక్కడివాళ్లందరూ అనే మాటే, ఊరు తాగేది గండిపేట చెరువు నీళ్లని. మేం ఇన్నేళ్లుగా తాగింది ట్యాంకరు నీళ్లమ్మా అన్నాను. నవ్వుకున్నాం. కానీ నిజమే కదా, ప్రగతి నగర్‌లో ట్యాంకరు, అంతకు ముందు బోరు. గండిపేట నీటి చుక్క నా నోట్లో పడ్డ గుర్తు లేదు.

ఆగస్టు 27

చవితి. వాన. ఉండ్రాళ్లు విరిగాయి. దేవుడు సర్దుకున్నాడు.

ఆగస్టు 31, ఆదివారం

జియాగూడ. స్వరూప వాళ్ల పెద్దమ్మ ఇల్లు. నదికి దగ్గర సందు, నడకలో ఆమెతో నాలుగు మాటలు చెప్పిస్తే బాగుంటుందని స్వరూప ఆలోచన.

పెద్దమ్మ అంటే స్వరూప తల్లికి అక్క. ఆ సందు మొత్తానికీ పెద్దమ్మే. అరుగు మీద పాన్ నములుతూ కూర్చుని, వచ్చేపోయే ప్రతి బండినీ ఆపి మాట్లాడుతుంది. నన్ను ఆపనక్కర్లేదు కాబట్టి నేరుగా మొదలుపెట్టింది. ఏ ఊరు, ఎవరమ్మాయివి, మొగుడు ఏం చేస్తాడు, పిల్లలెందరు. లేరని చెప్పాను. అయ్యో అనలేదు. "మంచిగనే ఉంది, ఫికర్ లేదు" అంది. అక్కడే ఆమె నాకు నచ్చింది.

నేను ఆమెకు నచ్చలేదు. లోపల్నుంచి స్టీలు గ్లాసులో నీళ్లు తెప్పించింది. "తాగు బిడ్డా, గండిపేట నీళ్లు." నేను వద్దండీ, నా దగ్గర ఉన్నాయి అని సంచిలోంచి ఫిల్టరు నీళ్ల సీసా తీశాను. అలవాటు. బయట ఎక్కడా తాగను. ఆమె మొహం చూశాక గానీ తెలియలేదు ఏం చేశానో. అప్పటికే సీసా మూత తీసేశాను.

"మా నీళ్లు నీకు పడయా ఏంది?"

ఆ తరవాత మూసీ గురించి అడిగితే అన్నీ పొడి జవాబులే. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పింది, మూసీ వాళ్లదట. "మీ దిక్కు ఏముంటది? అద్దాల బిల్డింగులు."

ఇంకోసారి వచ్చినప్పుడు ఆ నీళ్లు తాగాలి. కడుపు పాడైతే పాడవనీ.

సెప్టెంబరు 5

ఒక సంగతి.

స్వరూప వాళ్ల ఆఫీసు నుంచి పురానాపూల్‌కి బస్సు ఏ దారిన తేవాలా అని ఫోనులో పటం చూస్తున్నాను. ఊరికే, నది గీత మీద వేలు పెట్టి పైకి జరిపాను. పురానాపూల్, జియాగూడ, బాపూఘాట్... ఇంకా పైకి. గీత సన్నబడింది, మలుపులు తిరిగింది, మంచిరేవులకు వచ్చింది. రింగు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డును అడ్డంగా దాటింది. దాటి గండిపేటకు పోయింది.

మంచిరేవులలో మూడేళ్లు కిరాయికి ఉన్నాం మేం. ఆ సర్వీసు రోడ్డు మీదనే రోజూ ఆఫీసుకు. ఆ "కాలువ" మీదనే. వానాకాలం నీళ్లు రోడ్డెక్కితే తిట్టుకుంటూ చుట్టు తిరిగి పోయేవాళ్లం. ఈశ్వర్ బండి ఒకసారి దాంట్లోనే ఆగిపోయింది. నేను దిగి, చీర ఎత్తి కట్టుకుని నెట్టాను.

మోకాళ్ల దాకా మూసీలో నిలబడి, మూసీ ఎక్కడో పాతబస్తీలో ఉందనుకున్నాను. పెరటి చెట్టు మందుకు రాదంటారు. నాకు అది చెట్టని కూడా తెలియలేదు.

సిగ్గుగా ఉంది. నవ్వూ వస్తోంది.

సెప్టెంబరు 6

ఈశ్వర్‌కు చెప్పాను. "ఆ మోరీనా మూసీ? ఊరుకో పద్మా" అన్నాడు. పటం చూపించాను. వేలితో రెండుసార్లు గీత వెంట పోయి వచ్చాడు. తరవాత తన బండి గుర్తొచ్చింది కాబోలు, సైలెన్సరు మార్పించిన కథ మొదలుపెట్టాడు.

సెప్టెంబరు 14, ఆదివారం

పురానాపూల్‌లో ఒంటరిగా రిహార్సలు. ఎక్కడ నిలబడాలి, ఎటు చూపించాలి, ఎంతసేపు. కొత్తిమీర అమ్మే ఆమె నాకు ఇప్పుడు పరిచయం. నేను కమాను దగ్గర చెయ్యి చాపగానే తనే బుట్ట పక్కకు జరుపుతోంది.

ప్రేమకథ తీసేశాను. నీటి గుర్తులు, రాళ్లు, కమానులు, దూరంగా ఒక గట్టున పాత దవాఖాన గోపురాలు, ఎదుటి గట్టున హైకోర్టు. అన్నీ వేలికి అందేవే. బాగా కుదిరింది. ఈసారి నది ఏది అని ఎవరూ అడగరు.

సెప్టెంబరు 17

ఈశ్వర్ పుణెలో ఇళ్ల ఫోటోలు చూస్తున్నాడు. నేను గదిలోకి రాగానే ఫోను బోర్లా పెట్టాడు. చూడు, తప్పేముంది అన్నాను. నిజానికి ఆ బాల్కనీ బాగుంది. బాగున్నందుకు ఏడుపొచ్చింది.

సెప్టెంబరు 22

బతుకమ్మ మొదలైంది. స్వరూప తంగేడు పువ్వు కోసం తిరగని చోటు లేదట. ఖాజాగూడ బండల్లో ఒకప్పుడు తట్టలకొద్దీ ఉండేదట.

సాయంత్రం వాన.

సెప్టెంబరు 24

వాన.

సెప్టెంబరు 25

వాన. గండిపేట గేట్లు ఎత్తారని టీవీలో. హెచ్ఆర్ మేడమ్ ఫోను, శనివారం ఉందా లేదా అని. ఉందండీ అన్నాను. ఎట్లా ఉంటుందో నాకే తెలియదు.

సెప్టెంబరు 26, శుక్రవారం

పొద్దున్నే స్వరూప ఫోను. పురానాపూల్ వైపు గట్టు రోడ్లు మూసేశారు. జియాగూడ సందులోకి నీళ్లు వచ్చేలా ఉన్నాయని పెద్దమ్మను ఖాజాగూడకు తెచ్చుకుందట. చీరల మూట, మందుల డబ్బా, ఒక ప్లాస్టిక్ క్యాను.

"క్యాను ఎందుకే అంటే, నీళ్లంటది. వరద నీళ్లకు భయపడి ఇల్లిడిసి, నీళ్ల క్యాను పట్టుకొచ్చింది చూడు."

గండిపేట నీళ్లట. నల్లా బంద్ అవుతుందేమోనని ముందురోజే పట్టి పెట్టుకుందట. స్వరూప ఇంట్లో నీళ్లు ఆమెకు పడవు. నవ్వాను. నవ్వాక నా సంచిలో సీసా గుర్తొచ్చింది. ఇద్దరిదీ ఒకటే జబ్బు.

మధ్యాహ్నం హెచ్ఆర్ మేడమ్. రద్దు చేద్దామా? రద్దంటే మళ్లీ పిలవరు. కొత్తగా చేరిన ఆ పిల్లలకు శనివారం ఖాళీగా ఉంటే బౌలింగుకు తీసుకుపోయేవాళ్లు బోలెడుమంది. నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో, "మేడమ్, నదినే మీ ఆఫీసు దగ్గర చూపిస్తాను" అన్నాను.

"మా ఆఫీసు దగ్గర నదేంటండీ?"

మంచిరేవుల, అన్నాను. పది నిమిషాలు బతిమాలాను. చివరికి సరే అంది, అది సరే కాదు, చూద్దాం అన్నట్టుగా.

స్వరూపకు చెప్పాను. "నీకు దిమాక్ ఖరాబైందా? అక్కడ ఏముందని చూపిస్తవ్? పిట్టగోడ గూడ లేదు."

ఏమీ లేదు. వంతెన లేదు, కమాను లేదు, గోపురం లేదు. వేలు పెట్టి చూపించడానికి నీళ్లు తప్ప ఏమీ లేదు. ఈశ్వర్‌తో అన్నాను, రేపటితో తేలిపోతుందని. ఆయన నా గొడుగు పాడైందని తనది తీసి తలుపు దగ్గర పెట్టాడు.

సెప్టెంబరు 27, శనివారం

మొత్తం రాయాలి. ఓపిక లేకపోయినా.

వాన ఆగింది. కంపెనీ బస్సు సర్వీసు రోడ్డు మీద ఎత్తైన చోట ఆగింది. అక్కడ్నుంచి కిందికి పోలీసులు బారికేడు పెట్టారు. దాని అవతల రోడ్డు లేదు. ఎర్రటి నీళ్లు, రోడ్డు మీదుగా, రోడ్డు కన్నా వెడల్పుగా. చప్పుడు. పైన రింగు రోడ్డు మీద కార్లు ఏమీ ఎరగనట్టు పోతున్నాయి.

స్వరూప కారులో వచ్చింది. వెనక సీట్లో పెద్దమ్మ, ఒళ్లో పసుపు కుంకుమ, గాజులు, రవిక గుడ్డ. నీళ్లు పొంగితే తల్లికి పెట్టాలట. జియాగూడలో గట్టు దగ్గరికి పోనివ్వరు కాబట్టి, ఇక్కడ ఏదో వాగు పొంగిందంటే వచ్చింది. మూసీ అని స్వరూప చెప్పలేదట. చెప్పినా నమ్మదని.

ఇరవై పాతికేళ్ల పిల్లలు, మెడలో ఐడీ కార్డులు. శనివారం కూడా తీయరా అనిపించింది. హెచ్ఆర్ మేడమ్ బ్యానరు విప్పాలా వద్దా అని చూస్తోంది. నేను నీళ్లకు వీపు పెట్టి వాళ్ల వైపు తిరిగాను. తరవాత తప్పనిపించి పక్కకు జరిగాను. వేలు చాపాను.

"ఇది మూసీ" అన్నాను.

గళ్ల చొక్కా అబ్బాయి ఒకడు, నిజంగా తెలియకే, "మేడమ్, ఇది నాలా కదండీ? నేను బండ్లగూడ నుంచి రోజూ ఇదే దాటి వస్తానండి" అన్నాడు. ఇంకో ఇద్దరు తలూపారు, వాళ్లూ దాటేవాళ్లే. నేనూ మూడేళ్లు దాటాను అన్నాను. బండి నెట్టిన సంగతి చెప్పాను. అప్పుడు నవ్వారు. నవ్వాక కొంచెం ముందుకు జరిగారు.

చెప్పాను. వెనకటి పెద్ద వరదలో పాతబస్తీ సగం కొట్టుకుపోతే, మళ్లీ అట్లా కాకుండా పైన గండిపేట దగ్గర కట్ట కట్టారు. ఆ కట్ట గేట్లు ఎత్తినప్పుడే ఈ రోడ్డు మూస్తారు. మీరు చుట్టు తిరిగి ఆఫీసుకు ఆలస్యమైన ప్రతి రోజూ ఆ వరద కథలోదే. ఈ నీళ్లే ఇంకాసేపట్లో పురానాపూల్ కమానుల కింద పోతాయి. ఇంతే చెప్పాను. ఇంటి దగ్గర తయారుచేసుకున్నది ఒక్క ముక్క గుర్తు రాలేదు.

అప్పుడు పెద్దమ్మ కారు దిగింది. స్వరూప చెయ్యి పట్టుకుని బారికేడు దాకా వచ్చింది.

"ఎవలు చెప్పిన్రు గిది మూసీ అని?"

నేనే చెప్పానన్నాను.

"గిది మూసీ ఎట్లయితది? మూసీ మా కాడ ఉంటది. మూసీకి పురానాపూల్ ఉంటది, వాసన ఉంటది. నేను పుట్టిన కాణ్నుంచి దాని ఒడ్డుకే ఉన్న, నాకెరుక లేదా?"

పిల్లలందరూ నా వైపు చూశారు. నా నడక అక్కడితో అయిపోయిందనుకున్నాను. జీవితమంతా మూసీ ఒడ్డున ఉన్న మనిషి ఒకవైపు, పటం మీద గీత చూసిన నేను ఒకవైపు. నిజం నా దిక్కే ఉంది. అయినా ఆమెతో వాదించి గెలిచి ఏం చేసుకోను?

ఆమె కూడా వాదించలేదు. ఎందుకైనా మంచిదన్నట్టు మూట విప్పింది. కానిస్టేబులు ముందు కుదరదన్నాడు, తరవాత తనే చెయ్యి పట్టుకుని, నీళ్లు నాలుకలా పైకి వచ్చిన చోటికి రెండడుగులు తీసుకుపోయాడు. ఆమె పసుపు చల్లింది, కుంకుమ చల్లింది, గాజులు వదిలింది. రవిక గుడ్డ ఒక్క నిమిషం తేలి, గిర్రున తిరిగి పోయింది. వంగి చేత్తో నీళ్లు తీసుకుంది. మొహం దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మళ్లీ తీసుకుని మళ్లీ చూసింది.

ఎంతసేపు అట్లా ఉందో.

"మా చిన్నతనంల మా కాడ గిట్లనే ఉండె" అంది, ఎవరితోనో కాదు. "ఎర్రగ. వాసన లేకుంట. మా అమ్మ బట్టలుతుకుతుంటె నేను గీ నీళ్లల్లనే ఆడుకుంటుంటి."

గళ్ల చొక్కా అబ్బాయి ఫోను జేబులో పెట్టేశాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఈశ్వర్ ఇచ్చిన గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. గైడు ఏడవకూడదని రావుగారు చెప్పలేదు గానీ, చెప్పనక్కర్లేదనుకుని ఉంటారు.

ఇంకేమీ చూపించలేదు. అందరూ వాళ్లంతట వాళ్లే చాలాసేపు చూశారు. బ్యానరు విప్పలేదు.

సెప్టెంబరు 28

ఒళ్లు నొప్పులు. ఈశ్వర్ చారు పెట్టాడు. ఎట్లా జరిగిందే అని అడిగితే, పెద్దమ్మ మూసీ కాదంది, తరవాత అవునంది అన్నాను. అంతకంటే చెప్పలేకపోయాను.

సెప్టెంబరు 30

స్వరూప ఫోను. వాళ్లందరినీ అభిప్రాయాలు అడిగారట. కొందరు బాగుందన్నారు. ఒకతను ఆ రోజు నుంచి బండి ఆపి నీళ్లు చూసి గానీ ఆఫీసుకు రావట్లేదట, గళ్ల చొక్కా అయి ఉంటాడు. ఎక్కువమంది మాత్రం చార్మినార్ లేదు, బిర్యానీ లేదు, మూసుకుపోయిన రోడ్డు చూపించారు అన్నారట. హెచ్ఆర్ మేడమ్ దగ్గర గ్రూపు ఫోటో లేదు. పైవాళ్లకు ఏం పంపాలో తెలియట్లేదట.

అయితే? అన్నాను.

"అయితే ఏం లేదు. దసరా అయినాంక చెప్తమన్నరు. జర ఆగు."

వాళ్లు దసరా తరవాత చెప్తారు. ఈశ్వర్ దసరా తరవాత చేరాలి. నా దసరా ఇరుకైపోయింది.

అక్టోబరు 2

దసరా. స్వరూప జమ్మి ఆకు చేతిలో పెట్టింది. బంగారమట. ఈశ్వర్ కూడా తీసుకుని, తిరిగి ఆమెకే ఇచ్చాడు. పుణె గురించి ఎవరూ ఎత్తలేదు.

అక్టోబరు 3

ఈశ్వర్ పుణె వెళ్లాడు, ఇల్లు చూడ్డానికి. చూడ్డానికి మాత్రమే అన్నాడు. నాకు చెప్పకుండా ఖాయం చేయడు, ఆ నమ్మకం ఉంది. ఆదివారంలోపు ఏదో ఒకటి చెప్పాలట ఇంటివాళ్లకు.

కంపెనీ నుంచి కబురు లేదు.

అక్టోబరు 4

లేదు.

అక్టోబరు 5, ఆదివారం

పెద్దమ్మను జియాగూడలో దింపడానికి స్వరూపతో వెళ్లాను. దారిలో మంచిరేవుల మీదుగా పోదామని ఆమే అడిగిందట. నీళ్లు తగ్గాయి. రోడ్డు తేలింది, మీద ఎర్రమట్టి. ఆమె అద్దం దించి చూసింది. "గిది మీ మూసీ" అంది. మాది అనలేదు. వాగు అనీ అనలేదు. నాకది చాలు.

జియాగూడ సందులో బురద. గోడలకు నడుమెత్తు మరక. వెనక గదుల్లో కిరాయికున్నవాళ్లు అప్పటికే వాకిలి కడిగారు. ఆమె నేరుగా నల్లా దగ్గరికి పోయి తిప్పింది. కాసేపు గాలి, కాసేపు ఎర్రగా, తరవాత తెల్లగా వచ్చాయి. పాతిక సార్లు పారబోసి ఒక బిందె పట్టింది, మూడు గ్లాసులు కడిగింది. అరుగు తుడుచుకుని కూర్చున్నాం.

అవి నిజంగా గండిపేట నీళ్లేనా, దార్లో ఎక్కడెక్కడివి కలుస్తాయో ఏమో. నాకు తెలియదు. వేలు పెట్టి చూపించలేను. ఆమె మాత్రం అవే అంటుంది, రుచి తెలుస్తుందట.

స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టింది. నా సంచి వైపు ఒకసారి చూసింది. సీసా ఉంది సంచిలో. తీయలేదు.

"తాగు. తాగినంక యాడికి పోవు."

స్వరూప నవ్వింది. నేను నవ్వలేదు. గ్లాసు చల్లగా ఉంది.

అప్పుడే ఈశ్వర్ ఫోను. పుణె. వెనకాల ఎవరో హిందీలో మాట్లాడుతున్నారు, ఇంటివాళ్లు కాబోలు. ఇల్లు బాగుందట, వెలుతురు ఉందట, కిటికీలోంచి నది కనిపిస్తుందట. నీకు నచ్చుతాదని చూసినా అన్నాడు, ఎప్పుడూ లేనంత మెత్తగా. కంపెనీ వాళ్లు ఏమన్నా చెప్పారా అని అడిగాడు. లేదన్నాను.

"మరి ఏం చెప్పమంటావ్ వీళ్లకు? ఎదురుగానే ఉండారు."

పెద్దమ్మ నన్నే చూస్తోంది.

"ఉండు, నీళ్లు తాగుతాండా" అన్నాను.

"సరే, తాగి చెప్పు" అన్నాడు.